265 షెవీ ఇంజన్ కట్టించాక ట్యాపెట్ సౌండ్ తగ్గట్లేదు, ఏం చూడాలి?

వుడ్‌వర్డ్_వాసు
1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపే బాడీ, అందులో 1956 షెవ్రొలే 265 (క్యూబిక్ అంగుళాల) వీ8. ఉండేది మిషిగన్‌లో. ఇంజన్ ఒక మెషీన్ షాపుకిచ్చి కట్టించా. 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) బోరు, కొత్త పిస్టన్లు, కొత్త క్యామ్, కొత్త హైడ్రాలిక్ లిఫ్టర్లు (లోపల నూనెతో పనిచేసే ట్యాపెట్లు), కొత్త పుష్‌రాడ్లు. వాల్వుల్ని నొక్కే రాకర్లు మాత్రం పాతవే, రేకుతో నొక్కి చేసినవి, హెడ్‌లోకి ప్రెస్ చేసిన స్టడ్ల మీద కూర్చునే రకం.

మొదటి స్టార్ట్‌లో క్యామ్ బ్రేకిన్ (కొత్త క్యామ్, లిఫ్టర్లు ఒకదానికొకటి కుదురుకోవడం) కోసం 2000-2500 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు తిప్పా. సగం అయ్యేసరికే టకటక మొదలైంది. చల్లారాక వాల్వులు సెట్ చేస్తే కాసేపు తగ్గుతుంది, వేడెక్కాక మళ్లీ మామూలే. ఆయిల్ ప్రెషర్ చల్లగా ఉన్నప్పుడు 55, వేడి మీద ఐడిల్‌లో 30 పీఎస్‌ఐ. గేజ్ మెకానికల్‌ది, కొత్తది. షాపువాణ్ణి అడిగితే "పాత ఇంజన్లు అంతే, తిప్పుతూ ఉంటే సర్దుకుంటుంది" అంటున్నాడు. మా ఆవిడ అయితే కుట్టుమిషన్ కొన్నావా కారు కొన్నావా అంటోంది.

ఆగస్టులో ఇక్కడ జరిగే పాత కార్ల పండగ, వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌కి వేసుకెళ్దామని ఆశ. ఇప్పుడు స్టార్ట్ చెయ్యాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

బుల్లెట్_భైరవ
ఇంత సింపుల్ దానికి టెన్షన్ ఎందుకన్నా. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్‌ని వేళ్లతో తిప్పి చూడు. ఫ్రీగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. అక్కడ లాక్ చేసెయ్. పదిహేనేళ్లుగా నా కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి అదే సెట్టింగ్.

గోదారి_గ్యారేజ్
భైరవా, నీ బుల్లెట్‌లో ఉన్నది సాలిడ్ ట్యాపెట్. ఇది హైడ్రాలిక్. నువ్వు చెప్పినచోట ఆపితే లిఫ్టర్ లోపలి ప్లంజర్ పైన సర్‌క్లిప్‌కి తగులుతూ ఉంటుంది, సౌండ్ ఎలా పోతుంది? దీనికి లాష్ (మధ్యలో ఉండే ఖాళీ) సున్నాకి తెచ్చి, ఆపైన ఇంకొంచెం బిగించాలి. ప్లంజర్ కొంత లోపలికి దిగితేనే అది పనిచేసేది.

వాసు గారూ, స్టడ్ 3/8 అంగుళం అయితే అంగుళానికి 24 మరలు. అంటే నట్టు ఒక చుట్టు తిప్పితే దాదాపు 42 థౌ కిందికి దిగుతుంది, అరచుట్టుకి 21 థౌ. నేనైతే అరచుట్టు దగ్గర ఆపుతా. ఇంకో సంగతి. కొత్త లిఫ్టర్‌లో నూనె లేకపోతే స్ప్రింగు మెత్తగా దిగిపోతుంది. అప్పుడు పుష్‌రాడ్‌ని తిప్పి చూస్తూ బిగిస్తే, సున్నా దాటిపోయినా తిరుగుతూనే ఉంటుంది. అందుకని తిప్పి చూడకండి, పైకీ కిందికీ కదిపి చూడండి. ఆ కదలిక పోయినచోటే సున్నా.

ఏ వాల్వ్ ఎప్పుడు సెట్ చేస్తున్నారు? ఎగ్జాస్ట్ తెరుచుకోవడం మొదలవగానే ఆ సిలిండర్ ఇన్‌టేక్ సెట్ చెయ్యాలి. ఇన్‌టేక్ పూర్తిగా తెరుచుకుని మూసుకోబోతున్నప్పుడు ఎగ్జాస్ట్. అలా చేస్తే లిఫ్టర్ క్యామ్ లోబ్ (ఎత్తే ఉబ్బు) వీపు మీద, అంటే ఎత్తు లేని వైపు ఉందని నమ్మకంగా చెప్పొచ్చు.

జింక్_జనార్దన్
అరచుట్టు ఏంటి? షెవ్రొలే సర్వీస్ మాన్యువల్లో సున్నా మీద ఒక పూర్తి చుట్టు అని ఉంటుంది.

గోదారి_గ్యారేజ్
ఉంటుంది, కాదనలేదు. ఫ్యాక్టరీ లక్ష మైళ్ల అరుగుదలని లెక్కలో పెట్టుకుని రాసింది. క్యామ్ కంపెనీ కార్డులో ఏముందో అది చెయ్యండి, గొడవ ఉండదు.

వుడ్‌వర్డ్_వాసు
మీరు చెప్పిన పద్ధతిలోనే చేశానండి గోదారి గారూ, అరచుట్టే. క్యామ్ కార్డులోనూ అర నుంచి ముప్పావు అని ఉంది.

ఆటోనగర్_సాంబ
ముందు సౌండ్ ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పు తమ్ముడూ. ఒక సిలిండరా, ఒక వైపా, అంతటానా? విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు చూసినప్పటి నుంచీ నాకున్న అలవాటు ఇది: పొడుగు స్క్రూడ్రైవర్ కొన కవర్ మీద పెట్టి పిడి చెవికి ఆనించుకుని వినడం. స్పానర్ తర్వాత పట్టుకోవచ్చు. ఇంకోటి, ఐడిల్‌లో రాకర్‌కీ వాల్వ్ కాడకీ మధ్య సన్న ఫీలర్ రేకు దూర్చు. సౌండ్ ఆగితే ఆ వాల్వే. ఆగకపోతే ఇంకోచోట వెతుకు.

ఫ్లాట్‌హెడ్_తాత
అందుకే నేను ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ దగ్గరే ఉండిపోయా. 1932 నుంచి 1953 దాకా తీశారు. రాకర్లు లేవు, పుష్‌రాడ్లు లేవు, వాల్వులు బ్లాక్‌లోనే. టకటకలాడడానికి పైన ఏముంది కనుక?

గోదారి_గ్యారేజ్
తాతగారూ, మరి క్లియరెన్స్ సెట్ చెయ్యాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఊడదీసి వాల్వ్ కాడ కొన గ్రైండ్ చెయ్యాలన్న సంగతి కూడా చెప్పండి.

ఫ్లాట్‌హెడ్_తాత
అడ్జస్టబుల్ ట్యాపెట్లు బజార్లో దొరుకుతాయి నాయనా. వేడెక్కి నీళ్లు మరగడం గురించి అడగనంతవరకు నాకు బాధ లేదు.

జింక్_జనార్దన్
నాకు డౌటే లేదు, క్యామ్ అరిగిపోయింది. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి ఇప్పటి కారు నూనె పోస్తే అంతే సంగతులు. లిఫ్టర్ అడుగు చూడ్డానికి చదునుగా ఉన్నా కొద్దిగా ఉబ్బు ఉంటుంది, లోబ్‌కి సన్న వాలు ఉంటుంది. ఆ రెండింటివల్లే లిఫ్టర్ తనచుట్టూ తాను తిరుగుతుంది. తిరగడం ఆగిన లిఫ్టర్ తన లోబ్‌ని బ్రేకిన్‌లోనే తినేస్తుంది. కాపాడేది జింక్, ఫాస్ఫరస్ ఉన్న జెడ్‌డీడీపీ. కొత్త 5డబ్ల్యూ-30 నూనెల్లో ఫాస్ఫరస్ 800 పీపీఎం దాటనివ్వరు, క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని. ఏం నూనె పోశారు?

వుడ్‌వర్డ్_వాసు
బ్రేకిన్ ఆయిలే పోశా, జింక్ ఎక్కువున్నది. లోబ్‌లకి పేస్టు కూడా రాశారు, నా కళ్ల ముందే.

సాంబన్నా, స్క్రూడ్రైవర్‌తో విన్నా. రెండు వైపులా ఉంది. ఒక వాల్వ్ అని చెప్పలేను, పదహారూ కలిసి చిటికెలేస్తున్నట్టు ఉంది. ఫీలర్ రేకు దూరిస్తే ఆ ఒక్కదాని చప్పుడు కాస్త తగ్గుతుంది, మిగతావి సాగుతూనే ఉంటాయి.

జింక్_జనార్దన్
అయినా డయల్ గేజ్ పెట్టి లిఫ్ట్ కొలవండి. చెవిని నమ్మొద్దు.

గోదారి_గ్యారేజ్
దీనికి నేనూ ఓటేస్తా. రాకర్ తప్పించి పుష్‌రాడ్ కొన మీద డయల్ పెట్టండి. ఇన్‌టేక్‌లన్నీ ఒకలా, ఎగ్జాస్ట్‌లన్నీ ఒకలా రావాలి. ఒకటి తక్కువొస్తే ఆ లోబ్ పోయినట్టే. పనిలో పనిగా స్టడ్ల తలలమీద ఒక నిటారు బద్ద ఆనించి చూడండి. ప్రెస్ చేసిన స్టడ్లు గట్టి స్ప్రింగులకి మెల్లగా పైకి లేచొచ్చేస్తాయి. మనం బిగిస్తూ పోతాం, అవి లేస్తూ పోతాయి.

చూస్తూపోయేవాడు
పాప్‌కార్న్.

వుడ్‌వర్డ్_వాసు
కొలిచా. ఇన్‌టేక్‌లన్నీ ఒకదానికొకటి 2 థౌ తేడాలో ఉన్నాయి, ఎగ్జాస్ట్‌లూ అంతే. స్టడ్లన్నీ ఒకే ఎత్తు. అంటే క్యామ్ బాగుంది, స్టడ్లు బాగున్నాయి. పోతూ పోతూ ఎక్కడికొచ్చామో నాకే అర్థం కావట్లేదు.

బుల్లెట్_భైరవ
పుష్‌రాడ్ పొడుగు తప్పేమో?

గోదారి_గ్యారేజ్
అలాగైతే నట్టుతో సర్దుకుంటుంది, కాకపోతే వాల్వ్ కొన మీద రాకర్ తుడిచే గుర్తు మధ్యలో కాకుండా అంచుకి పడుతుంది. సౌండ్ ఇలా రాదు.

ఫ్లాట్‌హెడ్_తాత
వేళాకోళం పక్కనపెట్టి ఒక మాట. ఫ్లాట్‌హెడ్ తర్వాత ఫోర్డ్ 1954లో వై-బ్లాక్ తెచ్చింది. నా దగ్గర అదీ ఒకటి ఉండేది. దాని పేరు చెబితే పాతవాళ్లకి మొట్టమొదట గుర్తొచ్చేది పైకి నూనె రాకపోవడం. నడిమి క్యామ్ బేరింగ్ మీదుగా వెళ్లే దారి మడ్డితో మూసుకుపోయి రాకర్ షాఫ్టులు ఎండిపోయేవి. బయట నుంచి రాగి గొట్టం వేసి రాకర్లకి నూనె పంపే కిట్లు అమ్మేవారు. అన్ని రోజులూ గేజ్ మాత్రం నిక్షేపంగా ఉండేది!

వాసూ, ఇంతసేపూ ప్రెషర్ ఎంత అని చెప్పావు గానీ, కవర్ తీసి ఇంజన్ నడుపుతూ పైకి నూనె వస్తోందా అని చూశావా?

ఆటోనగర్_సాంబ
పెద్దాయన పాయింటు పట్టాడు. మనం అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

గోదారి_గ్యారేజ్
అవును. స్మాల్ బ్లాక్ షెవీలో (మీ 265 ఆ కుటుంబానిదే) రాకర్ షాఫ్ట్ ఉండదు. నూనె లిఫ్టర్ గ్యాలరీలోంచి, అంటే బ్లాక్‌లోని నూనె కాలువలోంచి, లిఫ్టర్‌లోకి, అక్కణ్ణుంచి పుష్‌రాడ్ బోలులోంచి పైకొచ్చి రాకర్ గిన్నెలో పడాలి. ఐడిల్‌లో ప్రతి రాకర్ దగ్గరా నూనె ఉబికి కారుతూ కనిపించాలి. పాత వాల్వ్ కవర్ ఒకటి దొరికితే పైభాగం కోసి బిగించి చూడండి, లేకపోతే గ్యారేజ్ గోడంతా నూనె. ఎక్కువసేపు వద్దు, నిమిషం చాలు.

వుడ్‌వర్డ్_వాసు
గోడకి ఒక్క చుక్క పడలేదు. కవర్ కొయ్యక్కర్లేకపోయింది.

రెండు వైపులా నూనె లేక ఎండిపోయి ఉంది. ఒక రాకర్ నట్టు విప్పి, దాని కింద రాకర్ ఊగే గుండు చేతిలోకి తీసుకున్నా. కింది సగం గడ్డి రంగు తిరిగి, ఒక పక్క నీలంగా కాలి ఉంది. రాకర్ గిన్నెలో ఆ గుండు కూర్చునేచోట గోరుతో గీస్తే తగిలేంత గరుకు. బిగించేటప్పుడు రాసిన పేస్టు అంచుల్లో నల్లగా మాడి గట్టిపడింది. ఫొటోలు పెట్టా. ఇంజన్ ఆపేశా, ఇక స్టార్ట్ చెయ్యను.

అయితే 30 పీఎస్‌ఐ ఎవరి కోసం చూపిస్తోంది ఈ గేజ్??

బుల్లెట్_భైరవ
అమ్మో ఆ నీలం రంగు.

జింక్_జనార్దన్
ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులు పెట్టడం మర్చిపోయి ఉంటారు.

గోదారి_గ్యారేజ్
టైమింగ్ గేర్ వెనకాల ఉండే ముందు ప్లగ్గులు పెట్టకపోతే నూనె అక్కడే కారిపోయి ప్రెషర్ పడిపోవాలి కదా. ఈయనకి ప్రెషర్ ఉంది. పుష్‌రాడ్లు పదహారూ మూసుకుపోవు. లిఫ్టర్లు పదహారూ చెడిపోవు. రెండు గ్యాలరీలకీ కలిపి ఒకేచోట దారి మూసుకుంది.

ఒకటి అడుగుతా. స్టార్ట్ చేసే ముందు డ్రిల్‌తో పంపు తిప్పి ప్రైమ్ చేశారా, అంటే ముందే నూనె నింపారా? చేస్తే పైకి నూనె వచ్చిందా?

వుడ్‌వర్డ్_వాసు
షాపులో చేశామన్నారు. గేజ్ లేచింది కాబట్టి సరిపోయిందన్నారట.

పాతసామాను
ఇప్పుడే చదివా. మీరు మొదటి పోస్టులోనే 1956 265 అని రాశారు, అందరూ దాన్ని దాటుకుని వెళ్లిపోయారు.

1955, 56 265 బ్లాకులు తర్వాతి స్మాల్ బ్లాకుల్లాంటివి కావు. 1957 నుంచి వచ్చిన బ్లాకుల్లో వెనక క్యామ్ బేరింగ్ వెనకాల, బ్లాక్‌లోనే చుట్టూ గాడి ఉంటుంది. నూనె దాని మీదుగా లిఫ్టర్ గ్యాలరీల్లోకి పోతుంది, క్యామ్‌తో పనిలేదు. 55, 56లో ఆ దారి క్యామ్‌షాఫ్ట్ వెనక జర్నల్ (బేరింగ్‌లో తిరిగే భాగం) మీద ఉండే గాడిలోంచి వెళ్తుంది. గాడి లేని క్యామ్ తొడిగితే ఆ జర్నలే బిరడా అయి కూర్చుంటుంది. మెయిన్ బేరింగులకి నూనె అందుతుంది, గేజ్ అక్కడి ప్రెషరే చూపిస్తుంది, లిఫ్టర్లకి మాత్రం ఉపవాసం.

క్యామ్ పెట్టె పడెయ్యకుండా ఉంటే దానిమీద ఏ సంవత్సరాలని ఉందో చూడండి.

వుడ్‌వర్డ్_వాసు
పెట్టె ఉంది. "షెవీ స్మాల్ బ్లాక్, 1957-1987".

ఆటోనగర్_సాంబ
అయిపోయింది కేసు.

చూస్తూపోయేవాడు
పాప్‌కార్న్ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది.

జింక్_జనార్దన్
ఒక్క ఏడాది తేడాకి ఇంత కథా? అన్ని స్మాల్ బ్లాకులూ ఒకటే అంటారు కదా!

పాతసామాను
చాలావరకు ఒకటే, అందుకే షాపులు పప్పులో కాలేస్తాయి. ఈ ఇంజన్ పుట్టిందే 1955లో. ఆ ఏడాది బ్లాక్‌కి ఆయిల్ ఫిల్టర్ పెట్టే చోటు కూడా లేదు, 56లో వచ్చింది. 57లో ఈ గాడి మారింది. మొదటి రెండేళ్ల బ్లాకులు చేతికొస్తే ఏదీ "అంతా ఒకటే" అనుకోకూడదు.

గోదారి_గ్యారేజ్
ఈ సంగతి నాకు తెలియదు. నావన్నీ తర్వాత వచ్చిన 283, 350లే. నిర్ధారించుకోవడానికి క్యామ్ బయటికి తియ్యక తప్పదా?

పాతసామాను
వెనక ప్లగ్ తీసి చూడాలంటే గేర్‌బాక్స్, ఫ్లైవీల్ దించాలి. ఎలాగూ ఆ క్యామ్ అక్కడ ఉండకూడదు. ముందు నుంచి లాగెయ్యడమే నయం. మోడల్ ఏ కాబట్టి రేడియేటర్, షెల్ ఊడదీస్తే కావలసినంత జాగా. ఇన్‌టేక్ తీసి లిఫ్టర్లు పైకి లాగేటప్పుడు ఏది ఏ రంధ్రంలోదో రాసి పెట్టుకోండి. క్యామ్ ముందు మరల్లోకి 5/16-18 పొడుగు బోల్టులు ఎక్కించి పిడిలా పట్టుకుని, తిప్పుతూ నెమ్మదిగా లాగండి. లోబ్ అంచు తగిలితే క్యామ్ బేరింగులు గాటు పడతాయి. వెనక బేరింగ్ చిల్లులు బ్లాక్ చిల్లులకి ఎదురుగా ఉన్నాయో లేదో టార్చి వేసి చూడండి.

ఆ తర్వాత రెండు దారులు. వెనక జర్నల్ మీద గాడి ఉన్న 55-56 క్యామ్ కొనడం, లేదా ఇదే క్యామ్‌కి లేత్ మీద గాడి తియ్యించడం.

బాలానగర్_లేత్
గాడి తియ్యడం కష్టమేం కాదు. గట్టిపరిచేది లోబ్‌లనే, జర్నల్ అంత గట్టిగా ఉండదు, టూల్ తీసుకుంటుంది. రెండు సెంటర్ల మధ్య పట్టి, డయల్ పెట్టి జర్నల్ సరిగ్గా తిరుగుతోందో చూసుకున్నాకే కొయ్యాలి. కొలత మాత్రం గాల్లో చెప్పినది తీసుకోవద్దు, అసలు 56 క్యామ్ ఒకటి పక్కన పెట్టుకుని దాన్ని చూసి తియ్యండి. గాడి అంచుల బర్ (కోసినచోట మిగిలే గరుకు పొర) తప్పకుండా తియ్యాలి, లేకపోతే కొత్త బేరింగ్‌ని అదే చెక్కేస్తుంది. ముప్పై రూపాయల ఎమెరీ కాగితం దగ్గర పిసినారితనం చేసి బేరింగులు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

జింక్_జనార్దన్
ఆ క్యామ్ మళ్లీ వాడొద్దు. నూనె లేకుండా తిరిగింది.

పాతసామాను
పైకి నూనె రాలేదు గానీ, లోబ్‌లకి ఎక్కువగా అందేది క్రాంక్ చిమ్మే నూనె. అది అందింది. లిఫ్ట్ కొలతలు కూడా సమానంగా వచ్చాయి. లిఫ్టర్ అడుగులు చూడండి. మధ్యలో గుంట పడకుండా, గుండ్రటి మెరుపు గుర్తు ఉంటే వాడొచ్చు. ఏ లిఫ్టర్ ఏ లోబ్‌ది అయితే అక్కడే. రాకర్లు, గుండ్లు మాత్రం తిరిగి పెట్టే ప్రశ్నే లేదు, పదహారూ మార్చండి.

జింక్_జనార్దన్
నేనైతే పెట్టను. అంతే.

బుల్లెట్_భైరవ
మరి ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు? షాపువాడే కదా క్యామ్ తెప్పించింది.

ఆటోనగర్_సాంబ
వాసూ, గొడవకి వెళ్లకు. పెట్టె, కాలిన గుండు రెండూ తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టి మాట్లాడకుండా నిలబడు. అదే సగం పని చేస్తుంది.

వుడ్‌వర్డ్_వాసు
సాంబన్న చెప్పినట్టే చేశా. మొదట "మేం ఎన్నో స్మాల్ బ్లాకులు కట్టాం" అని మొదలుపెట్టాడు. 57 అన్న అంకె మీద వేలు పెట్టి చూపించాక గొంతు మారింది. గాడి వాళ్లే తీసి ఇస్తామన్నారు, రాకర్ల సెట్టు సగం ధరకి. క్యామ్ లాగి చూశాం. వెనక జర్నల్ అద్దంలా నున్నగా ఉంది, గాడి అనేదే లేదు. పాతసామాను గారూ, మీకు దండం. లిఫ్టర్ అడుగులన్నీ మీరు చెప్పిన గుండ్రటి గుర్తుతోనే ఉన్నాయి.

గోదారి_గ్యారేజ్
ఈసారి ప్రైమింగ్ మీరే దగ్గరుండి చెయ్యండి. ఉత్త కడ్డీ డ్రిల్‌కి తగిలించి తిప్పితే చాలదు. షెవీలో డిస్ట్రిబ్యూటర్ కింది భాగమే ఒక గ్యాలరీకి మూతలా పనిచేస్తుంది. అది లేకపోతే నూనె అక్కడే పొంగిపోయి పైకి ఎక్కదు. పాత డిస్ట్రిబ్యూటర్ బాడీతో చేసిన ప్రైమింగ్ టూల్ వాడండి. డ్రిల్ గడియారం దిశలో తిప్పాలి. మధ్య మధ్యలో క్రాంక్‌ని పావు చుట్టు చొప్పున జరుపుతూ ఉంటే అన్ని రాకర్లకీ వస్తుంది. పదహారూ తడిస్తేనే స్టార్ట్.

జింక్_జనార్దన్
బ్రేకిన్ మళ్లీ చెయ్యాలి, 2000 ఆర్‌పీఎం, ఇరవై నిమిషాలు.

పాతసామాను
ఒకసారి కుదురుకున్న జత అదే జాగాలోకి వెళ్తే పూర్తి బ్రేకిన్ అక్కర్లేదు. చేస్తే నష్టమూ లేదు. జనార్దన్ గారి మనశ్శాంతి కోసం చెయ్యండి.

వుడ్‌వర్డ్_వాసు
అప్‌డేట్. డ్రిల్ మొదలెట్టగానే గేజ్ లేచింది గానీ పైన కాసేపు ఏమీ లేదు, గుండె జారింది. క్రాంక్ తిప్పుతుంటే ముందు డ్రైవర్ వైపు వెనక రాకర్ గిన్నెలో చిన్న బుడగ వచ్చి పగిలింది, ఆ వెనకే నూనె. తర్వాత ఒక్కొక్కటీ. ప్యాసింజర్ వైపు ఆలస్యంగా మొదలైనా, చివరికి పదహారూ తడిశాయి.

బ్రేకిన్ మళ్లీ చేశా, సందేహం ఎందుకని. వేడి ఐడిల్‌లో ప్రెషర్ ఇప్పుడు 26. తగ్గింది, భయపడాలా?

గోదారి_గ్యారేజ్
ఇంతకుముందు మూసి ఉన్న రెండు గ్యాలరీలకి ఇప్పుడు నూనె పోతోంది, తగ్గకపోతేనే అనుమానించాలి. 26 బ్రహ్మాండం.

వుడ్‌వర్డ్_వాసు
టకటక పోయింది. ఒక్కటే, చల్లగా స్టార్ట్ చేసినప్పుడు డ్రైవర్ వైపు సన్నగా టిక్ టిక్, వేడెక్కగానే మాయం. కవర్ తీసి చూస్తే ఆ వైపు రాకర్లన్నీ తడిగానే ఉన్నాయి.

ఆటోనగర్_సాంబ
హెడర్ (ఎగ్జాస్ట్ గొట్టాల) గాస్కెట్ లీకు. వేడికి ఇనుము సాగి మూసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు సన్న గొట్టం చెవికి పెట్టుకుని పోర్టుల దగ్గర విను, తెలిసిపోతుంది. బోల్టులు ఒకసారి మళ్లీ బిగించు.

జింక్_జనార్దన్
బ్రేకిన్ ఆయిల్ ఇప్పుడే మార్చండి. ఆ ఫిల్టర్ పడెయ్యకుండా కోసి, కాగితం విప్పి చూడండి. ఎండిపోయి తిరిగిన రాకర్ల పొడి అంతా అందులోనే ఉంటుంది. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు ఎక్కువుంటే ఫొటో పెట్టండి, మాట్లాడుకుందాం.

వుడ్‌వర్డ్_వాసు
మూడో నంబర్ పోర్టు దగ్గరే లీకు, సాంబన్నా. బిగిస్తే పోయింది. ఫిల్టర్ కోశా. సన్నటి బూడిదలాంటి పొడి ఉంది, ముక్కలేం లేవు. ఫొటో పెడుతున్నా.

జింక్_జనార్దన్
సరే. ఐదొందల మైళ్ల దగ్గర ఇంకోసారి కోసి చూడండి.